ముందు బటన్, తర్వాత అమ్మ

"రిమోట్ ఏదీ? అమ్మను లేపాలి" అన్నారు మా ఆయన, నేను స్టవ్ దగ్గర పాలు పొంగకుండా కాపలా కాస్తుంటే. ఆయన అడిగింది టీవీది కాదు, నాది. రెండూ ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి మా ఇంట్లో. నా పొట్టలో కుడివైపు, చర్మం కింద, పౌడర్ డబ్బా మూతంత గుండ్రటి పంపు ఒకటి ఉంది. దాన్నుంచి సన్నటి గొట్టం వెన్నులోకి పోతుంది. మందు పగలూ రాత్రీ చుక్క చుక్కగా దిగుతూ ఉంటుంది. నొప్పి మరీ ఓర్చుకోలేనప్పుడు రిమోట్‌ను పొట్టకు ఆనించి బటన్ నొక్కితే ఇంకాస్త ఎక్కువ దిగుతుంది. పంపు పెట్టిన రోజు డాక్టరమ్మ రిమోట్ నా చేతిలోనే పెట్టింది, నొప్పి నాకే తెలుస్తుంది కాబట్టి నేనే నొక్కుకోవాలని. నువ్వెక్కడైనా పారేస్తావని ఇంటికొస్తూ కారులోనే ఆయన తీసేసుకున్నారు. నేనూ ఇచ్చేశాను.

అప్పటికి అత్తయ్యకు కుడివైపు చచ్చుబడి ఏడాది కావస్తోంది. ఆవిణ్ణి చూసుకోవడానికి ఒక ఆయా వచ్చేది. నాకు పంపు పెట్టించిన వారానికే ఆయాను మానిపించారు. "ఇప్పుడు నీకు నొప్పి లేదుగా" అన్నారు. నా ఉద్యోగం అంతకు ముందే పోయింది. బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్‌లో పదేళ్లు నిలబడి నిలబడి అరిగిన నడుం నాది. అక్కడ కుర్చీ అడిగితే, కూర్చుంటే కస్టమర్లకు మర్యాదగా ఉండదన్నాడు సూపర్‌వైజరు. ఇంటికొస్తే, ఇంట్లోనే ఉంటున్నావు కదా, కూర్చోక ఏం చేస్తున్నావన్నారు ఈయన. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అని మా అమ్మ ఊరికే అనలేదు.

అలా మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. ముందు బటన్, తర్వాత అమ్మ. ఆయన వచ్చి, నా చీర కాస్త పక్కకు జరిపి, రిమోట్ ఆనించి నొక్కుతారు. కాసేపు ఆగి "ఊఁ, కానీ" అంటారు. అప్పుడు నేను అత్తయ్య చంకల కింద చేతులు పోనిచ్చి, ఆవిడ మంచి చెయ్యి నా మెడ చుట్టూ వేయించుకుని లేపుతాను. కుర్చీలోకి, బాత్రూమ్‌లోకి, మళ్లీ మంచం మీదికి. అత్తయ్య భారీ మనిషి. ఆయన గుమ్మంలో నిలబడి "నెమ్మది, నెమ్మది" అంటుంటారు. ఆ మాట నాకు కాదు, అమ్మకు. ఇంటికొచ్చిన వాళ్లతో మాత్రం గొప్పగా చెప్పుకుంటారు, ఒక్క బటన్ నొక్కితే చాలు మా ఆవిడ గుర్రంలా లేస్తుందని. వాళ్లు నవ్వుతారు. భార్య కోసం ఇంత ఖరీదైన ఆపరేషన్ చేయించిన బంగారం లాంటి మొగుడని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. పని అయిపోయి నేను నిజంగా నొప్పితో ముడుచుకుని పడుకున్నప్పుడు రిమోట్ అడిగితే, "ఇప్పుడెందుకు వేస్టు? సాయంత్రం అమ్మను లేపాలి కదా, అప్పటికి ఉంచుదాం" అనేవారు. రోజుకు ఇన్నిసార్లే అని దానికో లెక్క ఉంది, దాటితే పంపు పలకదు. ఆ కాస్త మందూ నా నొప్పికి కాకుండా వాళ్ల పనికి వాడేవారు.

నిన్న సాయంత్రం బట్టలు ఆరేసి లోపలికి వస్తుంటే అత్తయ్య మంచం మీంచి, "నీ ఎడమ చెప్పు ఏదమ్మా?" అంది. చూసుకుంటే కాలికి లేదు. ఎప్పుడో పెరట్లోనే జారిపోయింది. నాకు తెలియలేదు. వంగి పాదం గిల్లుకున్నాను. వేరేవాళ్ల పాదం గిల్లినట్టుంది. అత్తయ్య నా వంకే చూస్తోంది. ఆవిడకూ మొదట్లో ఇలాగే, కాలి చెప్పు తెలియకుండా జారిపోయేదట. ఆ మాట చెప్పి గోడవైపు తిరిగిపోయింది.

ఇవాళ పంపులో మందు నింపించుకునే రోజు. ఆసుపత్రిలో టేబుల్ మీద పడుకోబెట్టి సిస్టర్ చర్మం మీంచే సూది గుచ్చి పాత మందు తీసి కొత్తది నింపింది. నొప్పి పదిలో ఎంత అని అడిగింది. "రెండు" అన్నారు ఆయన. ఎప్పుడూ ఆయనే చెబుతారు. రోజువారీ మందు కాస్త పెంచమని కూడా అడిగారు, ఈ మధ్య బటన్ నొక్కినా తొందరగా లేవలేకపోతోందని.

డాక్టరమ్మ నా కాళ్లు ఒక్కొక్కటే తట్టి చూసింది. ఎడమ పాదం మీద సూది మొన ఆనించి తెలుస్తోందా అంది. తెలియలేదు. కొత్త స్కానింగ్ ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. వెన్నుపూస ఇంకా ముందుకు జరిగిందట. మందు ఆపేది నొప్పినే గానీ ఎముక జారడాన్ని కాదట. ఇంకొంచెం జరిగితే ఈ కాలు ఇక లేవదట.

"బరువులేమైనా ఎత్తుతున్నారా?" అంది.

"అయ్యో, లేదండీ. కాలు కింద పెట్టనివ్వం" అన్నారు ఆయన.

నేను పైకప్పుకేసి చూస్తూ పడుకుని ఉన్నాను. ఇన్నాళ్లూ ఆయన చెప్పిన రెండుకీ, ఆయన చెప్పిన లేదుకీ తలూపుతూ వచ్చాను. ఇప్పుడు కూడా ఊపితే ఇంటికెళ్లి అత్తయ్యను లేపుతాను, రేపూ లేపుతాను, ఏదో ఒక రోజు ఆవిడ పక్కన ఇంకో మంచం వేస్తారు.

"ఎత్తుతున్నాను డాక్టరుగారూ. మా అత్తయ్యను, రోజుకు నాలుగైదు సార్లు. నొప్పి రెండు కాదు, ఎనిమిది. మందు పెంచొద్దు. రిమోట్ నా దగ్గర ఉంటుంది" అన్నాను.

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. డాక్టరమ్మ ఆయన వైపు చెయ్యి చాపింది. జేబులోంచి రిమోట్ తీసి ఇవ్వక తప్పింది కాదు. ఆవిడ దాన్ని నా చేతిలో పెడితే హ్యాండ్‌బ్యాగ్‌లో వేసి జిప్పు లాగాను. కారులో దారి పొడుగునా ఒకటే గొణుగుడు. నలుగురిలో పరువు తీశానట. "మా అమ్మ ఏమైపోవాలి, ఆవిడ నీకు బరువైపోయిందా?" అన్నారు. "మీ అమ్మ నాకు బరువేనండీ, చాలా బరువు" అన్నాను.

ఇంట్లో అత్తయ్య చాలాసేపట్నుంచి ఎదురు చూస్తోంది. దుప్పటి కాళ్ల దగ్గరికి తోసేసి ఉంది. బాత్రూమ్‌కు వెళ్లాలని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆయన అలవాటుగా నా వైపు చెయ్యి చాపారు, రిమోట్ కోసం. నా హ్యాండ్‌బ్యాగ్ జిప్పు వేసే ఉంది. తియ్యలేదు. నడుములో నొప్పి ఎక్కుతోంది. ఎన్నాళ్ల తర్వాతో దాని మాట విన్నాను. గోడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అమ్మ అర్జెంటంటోంది, వినబడట్లేదా?" అన్నారు.

"వినబడుతోంది. నాకు నొప్పిగా ఉంది. మీరు లేపండి."

ఆయన మంచం దగ్గరికి వెళ్లి నిలబడిపోయారు. తల్లిని ఎక్కడ పట్టుకోవాలో ఆయనకు తెలియదు. ముందు భుజం పట్టుకున్నారు, తర్వాత మోచెయ్యి, తర్వాత రెండూ వదిలేసి నా వైపు చూశారు. నేను లేవలేదు. అత్తయ్య కూడా నా వైపు చూసింది. ఆ చూపుకి నేను దాదాపు లేచేదాన్నే. ఏడుపొచ్చింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

అత్తయ్య మెల్లగా తల తిప్పి, మంచి చెయ్యి పైకెత్తి కొడుకు మెడ చుట్టూ వేసింది.

"చంకల కింద పట్టుకోవాల్రా" అంది.