లెక్కకు ముందు ఆడినవాళ్ళు

దుప్పట్ల మిల్లులో ఆమెను అందరూ గోడ అనే పిలిచేవారు. పై అంతస్తు నుంచి దుప్పట్ల కట్టలు కిందికి విసురుతుంటే పట్టుకుని బల్ల మీద పేర్చడం ఆమె పని. కట్ట జారి నేల మీద పడితే నూనె మరకలు అంటుతాయి, ఆ తర్వాత మేనేజరు నోటికి తాళం ఉండదు. అందుకని ఆమె ఒక్క కట్ట కూడా జారనిచ్చేది కాదు.

భోజనాల వేళ బాయిలరు గది వెనక ఖాళీ స్థలంలో ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడేవారు. దెబ్బలకు భయపడి గోల్లో నిలబడటానికి ఎవరూ ముందుకు రాకపోతే, కొత్తగా చేరింది కదా అని ఈమెను నిలబెట్టారు. ఆ పూట ఒక్క బంతీ ఆమెను దాటలేదు. "ఇది మనిషి కాదర్రా, గోడ!" అంది పెద్దక్క. ఆ పేరు అలా అతుక్కుపోయింది.

పెద్దక్క నేత విభాగానికి పెద్ద, జట్టుకు కెప్టెన్. మగ్గాల హోరులో అరిచి అరిచి ఆవిడ గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉండేది. ఒకరోజు ఆ బొంగురు గొంతుతోనే ఓ వార్త మోసుకొచ్చింది.

"సముద్రం అవతల ఆడవాళ్ళకు ప్రపంచ పోటీ పెడుతున్నారట. ఎనిమిది దేశాల జట్లు. మనల్నీ పిలిచారు. దారి ఖర్చులు వాళ్ళవే."

"మనల్నా? మనం ఎవరో వాళ్ళకెలా తెలుసక్కా?"

"పోయినేడు మన ఊరొచ్చి మన చేతిలో ఓడి వెళ్ళిన జట్టు లేదూ? వాళ్ళే చెప్పారట, అక్కడో గోడ ఉంది, జాగ్రత్త అని."

మగవాళ్ళ ప్రపంచ పోటీ అంటే దశాబ్దాల నాటి సంగతి. ఎవరు ఎప్పుడు గెలిచారో పిల్లలు కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. ఆడవాళ్ళకు అలాంటిది ఒకటి ఉండొచ్చన్న ఊహే గోడకు అంతవరకూ రాలేదు.

ఇద్దరూ ఫుట్‌బాల్ సంఘం ఆఫీసుకు వెళ్ళారు. కార్యదర్శి మర్యాదస్తుడు. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. విషయమంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూడండమ్మా, ఆడవాళ్ళ ఆటను సంఘం గుర్తించదు. వెళ్ళొద్దని నేననను. దేశం పేరు మాత్రం వాడకండి. మీ మిల్లు పేరు పెట్టుకోండి."

పెద్దక్క ఏదో అనబోయేలోగా గోడ నోరు విప్పింది. "మిల్లు మాది కాదండీ. దేశమైతే మాదే కదా?"

కార్యదర్శి కళ్ళజోడు పెట్టుకుని ఫైలు ముందుకు లాక్కున్నాడు. ఇక వెళ్ళొచ్చని దానర్థం.

ఇంట్లో అసలు పరీక్ష అత్తగారు. ఆవిడా ఒకప్పుడు ఆ మిల్లులోనే చేసి మానేసింది. మాట కత్తికంటే పదును. గోడ భర్త బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత పెద్ద హారనైనా కొట్టేవాడు గానీ తల్లి ముందు కిక్కురుమనేవాడు కాదు.

"పాలపళ్ళు ఊడని పిల్లనొదిలి దేశాల మీద పడి బంతులాడతావా?" అంది అత్తగారు. "మిల్లులో కట్టలు పట్టింది చాలక?"

"నేను పోయేది ఖాయమనుకోకండి అత్తయ్యా. సంఘం వాళ్ళు దేశం పేరే వాడొద్దన్నారు."

అత్తగారు మడతపెడుతున్న బట్ట పక్కన పడేసింది. "ఏమన్నారూ? పేరు వాడొద్దన్నారా? పన్నులు కట్టించుకునేటప్పుడు మనం ఈ దేశం వాళ్ళమేగా? ముప్పై ఏళ్ళు ఆ మిల్లులో వెన్ను విరగ్గొట్టుకున్నానే, అది ఏ దేశానికట?" కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, నీ పెళ్ళాం వెళ్తోంది. పిల్లకు జడలెయ్యడం నేర్చుకో."

ఆ మాటతో గోడకు ఒక వైపు నవ్వు, ఇంకో వైపు ఏడుపు.

మిల్లు రంగుల గదిలోనే చొక్కాలకు రంగు వేయించుకుని ఓడెక్కారు. అవతలి దేశంలో మైదానంలో అడుగుపెట్టగానే గోడ తలెత్తి చుట్టూ చూసింది. వందమంది వస్తే గొప్ప అనుకుంటే, చుట్టూ మెట్ల నిండా ఇసకేస్తే రాలనంత జనం. దానికి తోడు వాన. చొక్కాల రంగు కరిగి అందరి మెడలూ నీలంగా మారాయి. ఆ ఆటలో గోడ నాలుగు గోల్సు వదిలింది. మైదానం నుంచి తల వంచుకుని వచ్చి, చొక్కా మార్చుకోకుండా మూల బెంచీ మీద కూలబడింది.

"నా వల్ల కాదక్కా. వేరే ఎవరినైనా నిలబెట్టు."

పెద్దక్క తన మెడ మీది రంగు తువ్వాలుతో రుద్దుకుంటూ పక్కన కూర్చుంది. "ఇవాళ నువ్వు జనాన్ని చూశావు, బంతిని కాదు. జనం మనకు గోలు కొట్టరే పిచ్చిదానా."

మర్నాటి నుంచి ఆమె మెట్ల వైపు కన్నెత్తి చూడలేదు. తర్వాతి రెండు ఆటలూ గెలిచారు. నవ్విన నాపచేనే పండుతుందన్నట్టు, మెడలు చూసి నవ్విన పత్రికలే సెమీఫైనల్ నాడు గోడ బొమ్మ వేశాయి.

సెమీఫైనల్‌కు ముందు రెండు జట్లూ వరసగా నిలబడ్డాయి. బ్యాండు మేళం వాళ్ళు ఎదుటి జట్టు జాతీయగీతం వాయించారు. జనమంతా లేచి నిలబడ్డారు. గీతం ముగిసింది. బ్యాండు వాళ్ళు వాయిద్యాలు దించేశారు. నిర్వాహకుడు ఇబ్బందిగా పెద్దక్క దగ్గరికొచ్చి చెప్పాడు. మీ సంఘానికి రెండుసార్లు రాశాం, గీతం స్వరాలు పంపలేదు, మమ్మల్ని క్షమించాలి. జనం కూర్చోవడం మొదలుపెట్టారు.

 గోడ పాడితే ఇంట్లో నిద్రపోతున్న పిల్ల లేచి ఏడ్చేది. అయినా ఆ నిశ్శబ్దాన్ని అలా వదిలెయ్యడం ఆమెకు చేతకాలేదు. గొంతెత్తి జాతీయగీతం మొదలుపెట్టింది. మొదటి చరణం సగం దాకా ఒక్కతే. శ్రుతి ఎక్కడుందో దేవుడికెరుక. తర్వాత పెద్దక్క బొంగురు గొంతు కలిసింది. ఆ వెనకే మగ్గాల వాళ్ళు, రంగుల గది వాళ్ళు. మెట్ల మీద ఒకరిని చూసి ఒకరు మళ్ళీ లేచారు. ఎదుటి జట్టు పిల్లలు కదలకుండా నిలబడ్డారు. బ్యాండులో డోలు వాయించే పెద్దాయన వాళ్ళ పాట వేగం పట్టుకుని మెల్లగా దరువు వేశాడు. పాట అయ్యేసరికి గోడ చెంపలు తడిసిపోయాయి. ఏ సంఘమూ ఇవ్వని పేరు ఆ క్షణాన వాళ్ళే తీసేసుకున్నారు.

ఆ ఆటలో పెద్దక్క ఒక గోలు కొట్టింది. చివర్లో ఎదుటివాళ్ళకు పెనాల్టీ వచ్చింది. బంతి కుడి మూలకు దూసుకొచ్చింది. మామూలుగా అలాంటిదాన్ని చేత్తో బయటికి నెట్టగలిగితే గొప్ప. గోడ గాల్లోకి ఎగిరి రెండు చేతులా పట్టి, గుండెకు అదుముకుని నేల మీద పడింది. మోచెయ్యి దోక్కుపోయిన సంగతి బస్సెక్కాక గానీ తెలియలేదు. ఫైనల్లో ఒక్క గోలు తేడాతో ఓడారు. రెండో స్థానం. పతకం మెడలో పడుతుంటే, ఓడామన్న బాధ ఏ మూలా లేదు.

తిరిగొచ్చేసరికి రైల్వే స్టేషన్లో మిల్లు షిఫ్టు మొత్తం ఉంది. వంకర జడలతో పిల్ల, పిల్ల చెయ్యి పట్టుకుని భర్త, అందర్నీ తోసుకుంటూ అత్తగారు. సంఘం నుంచి మాత్రం పురుగు కూడా రాలేదు. పైగా ఆడవాళ్ళకు మైదానాలు ఇవ్వకూడదని ఉత్తర్వు వేశారు. వీళ్ళు బాయిలరు గది వెనకే ఆడుకున్నారు. చూడటానికొచ్చిన ఆడపిల్లలకు నేర్పారు. ఆ పిల్లలు ఇంకొందరికి నేర్పారు. ఉత్తర్వు ఎప్పుడు ఎత్తేశారో ఎవరూ పట్టించుకోలేదు.

ఇరవై ఏళ్ళు దాటాయి. ఆడవాళ్ళ ప్రపంచ పోటీని ఈసారి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థే స్వయంగా నడిపింది. దేశం పేరు చొక్కాల మీద వేసుకుని మన జట్టు వెళ్ళింది. గోడ ఇంటి ముందుగదిలో ఇరుగుపొరుగంతా టీవీ ముందు చేరారు.

"చరిత్రలో మొట్టమొదటి మహిళా ప్రపంచ పోటీ," అన్నాడు టీవీలో మనిషి.

"మొట్టమొదటా!" కుర్చీలోంచి అత్తగారు ఇంతెత్తున లేచింది. "వీడి తెలివి తెల్లారినట్టే ఉంది. మా కోడలు అప్పుడు ఆడొచ్చింది ఏమిటట, దాగుడుమూతలా?"

"నీకు కోపం రావట్లేదా అమ్మా?" అంది కూతురు.

"ఎందుకే? మేం ఆడింది ఆడాం. వాళ్ళు లెక్కపెట్టడం ఆలస్యంగా మొదలుపెట్టారు, అంతే."

ఆ మాట పైపైకి అన్నది కాదు. తెరమీద మన గోల్‌కీపర్, ఇరవై నిండని పిల్ల, తొడుగుల చేతులు చరుచుకుంటూ గోల్లోకి నడుస్తోంది. ఆ పిల్లకు నేర్పినామెకు నేర్పింది పెద్దక్క. అప్పుడే బొడ్డు కోసి చేతికిచ్చిన బిడ్డను చూసినట్టు గోడ ఆ పిల్లను చూసింది. 

పొరుగాయన ఏదో అడగబోయాడు. అత్తగారు చేతికర్ర నేలకేసి కొట్టింది.

"అందరూ నోళ్ళు మూయండి. ఈ దేశపు మొదటి గోల్‌కీపర్ ఆట చూస్తోంది."