చెయ్యిచ్చే కారు

మహాతల్లికి నీళ్ళు పట్టందే ఆమె తన గొంతులో కాఫీ పోసుకోదు. మహాతల్లి అంటే అత్తగారు కాదు, కారు. అత్తగారికి పట్టాల్సినవి వేరే ఉన్నాయి. మోకాళ్ళకి తైలం, మందుబిళ్ళకి ముందు గోరువెచ్చని నీళ్ళు, మందుబిళ్ళ తర్వాత పొగలు కక్కే కాఫీ. అవన్నీ అయ్యాక, పొయ్యి మీద కూర దించి, డబ్బాలు సర్ది, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, నీళ్ళ సీసా పట్టుకుని ఆమె మెట్లు దిగుతుంది. వెనక నుంచి ఆయన గొంతు వినిపిస్తుంది. "ఆ డొక్కుదానికి చేసే సేవలో సగం నాకు చేస్తే ఈ ఇల్లు స్వర్గమయ్యేది." అప్పటికి ఆయన బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టి ఉంటాయి. అవి వాటంతట అవే మెరుస్తాయని ఆయన నమ్మకం.

బానెట్ ఎత్తితే దాన్ని నిలబెట్టే ఊచ ఎప్పుడో విరిగిపోయింది. దాని బదులు ఆమె ఒక కర్రముక్క వాడుతుంది. అది ఒకప్పుడు ఇల్లు తుడిచే కర్ర. తడి నేల మీద కాలు జారి పడబోయిన కోపంలో ఆయన దాన్ని ఆమె చేతిలోంచే లాక్కుని ఆమె వీపు మీద రెండుగా విరిచాడు. ఒక ముక్క చెత్తలోకి పోయింది. రెండో ముక్క బానెట్‌కి కొలిచి కోసినట్టు సరిపోయింది. కొత్త ఊచ వేస్తానని మెకానిక్ ఎన్నిసార్లు చెప్పినా ఆమె వద్దంది. విరిగిన వస్తువులో పనికొచ్చే ముక్క ఏదని వెతకడం ఆమెకి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ అలవాటు.

కారు గురించి నిజం చెప్పాలంటే, అది పరమ దొంగమొహంది. ఎప్పుడు ఆగిపోతుందో దానికే తెలియదు. రేడియేటర్ కారుతుంది, స్టార్టర్ మొండికేస్తుంది, మూడో గేరు చేతిలోంచి జారిపోతుంది. గుంటలో పడితే తప్ప రేడియో పాడదు. మెకానిక్ దాన్ని చూడగానే కుర్చీ వేసి, "రండమ్మా, మా పిల్లల చదువంతా మీ కారు చలవే" అంటాడు. ఆమె తన జీతంతో, తన పేరు మీద కొనుక్కున్న ఏకైక వస్తువు అది. కొన్నరోజు ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైరుని కాలితో తన్ని, "నీలాగే ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

కానీ ఊరు దాటాక, ఖాళీ రోడ్డు మీద, నాలుగో గేర్లో పడ్డాక చూడాలి దాని సంగతి. అల్లరి చేసే పిల్లే పరుగు పందెంలో మొదట వచ్చినట్టు, అది రోడ్డుని అంటిపెట్టుకుని దూసుకుపోతుంది. స్టీరింగ్ ఆమె వేళ్ళ మనసు తెలిసినట్టు తిరుగుతుంది. ఆసుపత్రికి దగ్గరి దారి ఉన్నా ఆమె ఆ చుట్టుదారినే పోతుంది. ఎందుకంటే ఆమె ఆ దారిలో తిడుతుంది. అద్దాలు పైకెత్తి, గొంతు చించుకుని తిడుతుంది. పెళ్ళికి ముందు వీధిలో విన్నవీ, చదువుకున్న ఆడపిల్లకి తెలియకూడనివీ, అప్పటికప్పుడు తానే కల్పించినవీ. ఆయన్ని నరుకుతుంది, రోడ్డు మీదికి ఈడ్చి తొక్కించేస్తుంది, రివర్స్ తీసి మళ్ళీ తొక్కిస్తుంది. ఆసుపత్రి గేటు కనబడగానే నోరు మూసుకుని, జుట్టు సర్దుకుని, దిగి అందరికీ నమస్కారం పెడుతుంది. ఇంట్లో ఆమె నోట్లో నాలుక లేని మనిషి. ఆ నాలుక కారులో ఉండేది.

ఆసుపత్రిలో ఆమె ఎక్స్‌రేలు తీస్తుంది. ఎముక ఎలా విరిగితే ఎలా కనిపిస్తుందో ఆమెకి తెలుసు. జారిపడ్డ చెయ్యి వేరు, మెలితిప్పిన చెయ్యి వేరు. స్నానాల గదిలో జారిపడ్డామని చెప్పే ఆడవాళ్ళ మోచేతుల్ని బల్ల మీద సర్దుతూ ఆమె ఏమీ అడగదు. ఊపిరి బిగబట్టమంటుంది, అంతే. తనకి మొదటిసారి మణికట్టు వాచినప్పుడు, ఆ గదిలో తనతో పనిచేసే చిన్నమ్మాయి "ఏమైందక్కా?" అని అడిగింది. జారిపడ్డానని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. రోజూ వినే అబద్ధం తనే ఎలా చెబుతుంది? నోటికి వచ్చింది చెప్పేసింది. "బానెట్ పడింది."

ఎంత సులువైన అబద్ధమో! చెంప కమిలితే కారు డోరు తగిలింది. పెదవి చిట్లితే బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ గుద్దుకుంది. మెడ పట్టుకుపోతే టైరు మార్చింది. నమ్మని వాళ్ళు లేరు. అది ఎలాగూ చెయ్యిచ్చే కారని ఊరంతటికీ తెలుసు. ఆసుపత్రిలో దానికి రాక్షసి అని పేరు పెట్టారు. ఎముకల డాక్టరు ఎదురుపడినప్పుడల్లా, "ఏమ్మా, రాక్షసి మళ్ళీ కరిచిందా?" అని నవ్వుతాడు. ఆమె కూడా నవ్వుతుంది. కిందికి దిగాక మాత్రం కారు ముఖం చూడటానికి సిగ్గుపడుతుంది. అది ఆమెని ఎన్నోసార్లు నడిరోడ్డు మీద దించేసింది గానీ, ఒక్కసారి కూడా గీరలేదు.

ఆయన చేసేదానికి అత్తగారు వాడే మాట వేరు. "మగాడన్నాక ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి చేసుకుంటాడు. మీ మామగారు చేసుకోలేదా?" చేసుకోవడం! వంట చేసుకున్నట్టు, స్నానం చేసుకున్నట్టు. వినేవాళ్ళకి అది ఆయన తనకి తాను చేసుకునే పనిలా ఉంటుంది. పక్కన ఎవరి జుట్టో గుప్పిట్లో ఉందని, ఎవరి తలో అలమారా అంచుకి తగిలి మోగుతోందని ఆ మాటలో ఎక్కడా ఉండదు.

ఆ మధ్య ఒక సాయంత్రం కారు రోడ్డు మీద ఆగిపోయి ఆమె ఇంటికి ఆలస్యంగా వచ్చింది. ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఎవడితో ఆగిపోయింది?" అన్నాడు. జవాబు చెప్పేలోగా ఆమె వీపు గోడకి తగిలింది. మోచేతి పైభాగాన ఆయన వేళ్ళు కండలోకి దిగిపోయాయి. రెండో చేత్తో కొట్టాడు, చెవి గుయ్యిమనేదాకా. అత్తగారు లోపల టీవీ గొంతు పెంచింది. మర్నాడు ఆసుపత్రిలో చిన్నమ్మాయి ఆ చెయ్యి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అక్కా, ఆ కారు నిన్ను చంపేస్తుంది" అంది.

ఆమె మేలు కోరి ఆసుపత్రి వాళ్ళు చేసిన పని ఏమిటో ఆ సాయంత్రం ఆయన నోటి నుంచే తెలిసింది.

ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "మీ డాక్టరుగారు ఫోన్ చేశాడు. ఎంత మంచోడో! 'ఆ కారు మీ ఆవిడకి గండంగా తయారైంది సార్, ముందు అమ్మించేయండి' అన్నాడు. నేనూ ఎప్పట్నుంచో అదే మొత్తుకుంటున్నానన్నాను." ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "బానెట్ పడిందా? డోరు తగిలిందా? ఏం తెలివే నీది! ఆదివారం కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. సంతకం పెట్టు. రేపట్నుంచి నేనే దింపుతా, నేనే తీసుకొస్తా."

ఆమెకి దెబ్బలు తిన్నప్పుడు కూడా అంత భయం వేయలేదు. ఆయన పరువు కాపాడటానికి ఆడిన అబద్ధాలన్నీ ఒక్కటై ఆమె కారు తాళాలు అడుగుతున్నాయి. పొద్దున ఆయన బైకు వెనక సీటు, సాయంత్రం ఆయన బైకు వెనక సీటు. మధ్యలో ఆమె ఎక్కడ తిడుతుంది? నాలుక ఎక్కడ పెట్టుకుంటుంది?

ఆదివారం భార్యాభర్తలు వచ్చారు. భార్య చిన్నది, కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటోందట, కారు చూడగానే కళ్ళు మెరిశాయి. ఆయన మర్యాదలకి లోటు లేదు. బయట ఆయనంత మెత్తని మనిషి ఇంకొకడు ఉండడు. ఆమె బానెట్ ఎత్తి కర్ర నిలబెట్టి, ఎడమ చేత్తో రేడియేటర్ మూత తీసి చూపించింది. వచ్చినాయన వంగి ఇంజన్ చూసి, "ఇంత శుభ్రంగా ఉంచుకున్న కారు ఎందుకండీ అమ్మడం? లోపల ఏమన్నా లోపమా?" అని అడిగాడు.

"అబ్బే, బంగారం లాంటి బండి. ఆడవాళ్ళ చేతికి లొంగదు, అంతే. ఇదిగో, మీరే చూడండి." అంటూనే ఆయన ఆమె కుడి చెయ్యి పట్టుకుని, పొడుగు చేతుల జాకెట్టు అంచు మోచేతి పైదాకా లాగేశాడు. సంతలో పశువు పళ్ళు చూపించినట్టు ఆ చేతిని అటూ ఇటూ తిప్పాడు. "మొన్న బానెట్ మీద పడింది. ఈ కారు చలవే ఇదంతా. నా ప్రాణం కొట్టుకుపోతోందనుకోండి."

తన చేతిపని తానే నలుగురికీ చూపించుకుంటున్నాడు! ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ చిన్నది చేతికేసి చూస్తూ ఉండిపోయింది. ఒక పక్కన నాలుగు నీలం మచ్చలు వరసగా, రెండో పక్కన ఒకటి, కాస్త వెడల్పుగా. "ఇది... బానెట్ పడితే అయిందా అక్కా?" అంది నెమ్మదిగా.

"కారుకి వేళ్ళుండవమ్మా" అంది ఆమె.

గొంతు ఇంట్లోది కాదు, కారులోది. అది ఎలా బయటికి వచ్చిందో ఆమెకే తెలియలేదు. వచ్చాక ఆగలేదు. "స్టార్టర్ మొండికేస్తుంది. నీళ్ళు రోజూ పొయ్యాలి. మూడో గేరు జారుతుంది. ఇది చెయ్యిచ్చే కారే, నేను కాదనను. కానీ ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. చెయ్యి చేసుకునేది ఈయన."

"ఏం వాగుతున్నావే?" ఆయన గొంతు తగ్గింది. తగ్గినప్పుడే భయపడాలని ఆమెకి తెలుసు. రేడియేటర్ మూత బిగించడానికి ఆమె ఎడమ చెయ్యి ఇంకా లోపలే ఉంది. ఆయన అది చూశాడు. చూసే కర్రని లాగి పడేశాడు. పడ్డ బానెట్‌ని రెండు చేతులతో అదిమాడు కూడా.

చప్పుడు వినగానే ఏ ఎముకో ఆమెకి తెలిసిపోయింది. అరుపు తరవాత వచ్చింది. కారు చూడ్డానికొచ్చిన ఇద్దరూ పరుగున వచ్చి ఆయన్ని లాగి బానెట్ ఎత్తారు. ఆమె చెయ్యి తీసుకుని గుండెకి అదుముకుంది. వేళ్ళ మధ్యనుంచి రక్తం కారుతోంది. కర్రముక్క కాళ్ళ దగ్గర దొర్లింది. ఆయన విదిలించుకుని ఆమె జుట్టు కోసం చెయ్యి చాపాడు. ఆమె వంగి కుడిచేత్తో కర్ర అందుకుంది. ఎక్కడ కొడితే విరుగుతుందో, ఎక్కడ కొడితే విరగకుండా మనిషి కూలబడతాడో ఆమెకి తెలిసినంతగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తొడ మీద, కండ మందంగా ఉన్నచోట, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. ఆయన మెట్ల మీద కూలబడి నోరు తెరిచి చూశాడు. ఇంకోటి వెయ్యాలని చెయ్యి దురద పెట్టింది. ఎందుకు అబద్ధం, రెండోది కూడా వేసింది.

"నా కొడుకుని చంపేస్తోందర్రా! ఎవరైనా రండర్రా!" పైనుంచి అత్తగారి కేక. ఆవిడకి అంత గొంతు ఉందని ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆమె కారెక్కింది. తాళం తిప్పింది. కటక్. మళ్ళీ తిప్పింది. కటక్. ఆ మహాతల్లి ఈ పూట కూడా చెయ్యిచ్చింది. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "తోస్తే వెళ్తుందా అక్కా?" అని కిటికీ దగ్గర గొంతు. ఆ చిన్నది చెప్పులు పక్కకి విదిలించి వెనక్కి పరిగెత్తింది. "మనకెందుకే ఇదంతా?" అన్నాడు భర్త. "నువ్వూ రా" అంది చిన్నది. అతను ఒక్క క్షణం తటపటాయించి వచ్చాడు. పల్లంలో కారు కదిలింది. ఎడమ చెయ్యి పనికిరాదు గనక ఆమె కుడిచేతిని అడ్డంగా చాపి రెండో గేరు వేసి క్లచ్ వదిలింది. కారు ఒక్క కుదుపు కుదిపి, దగ్గి, గర్జించింది. గేరు మార్చే చెయ్యి లేదు. ఊరంతా రెండో గేర్లోనే అరుచుకుంటూ వెళ్ళింది. ఆమె మాత్రం ఎవరినీ తిట్టలేదు. తిట్టాల్సింది మిగల్లేదు.

ఎక్స్‌రే గదిలో చిన్నమ్మాయి తడబడుతుంటే, తన చెయ్యి బల్ల మీద ఎలా పెట్టాలో ఆమే చెప్పింది. డాక్టరు లోపలికి వస్తూనే తల కొట్టుకున్నాడు. "మళ్ళీ ఆ కారేనా? అమ్మించేయమని మీ ఆయనకి చెప్పానే!"

"ఈ ఒక్కసారి నిజంగా బానెట్టే సార్. వేసింది ఆయన" అంది ఆమె. "అంతకు ముందువి బానెట్ కూడా కాదు, ఉత్త ఆయనే. అలాగే రాయండి. కారు మీద అనవసరంగా చాలా నిందలు వేశాను."

డాక్టరు ముఖంలో నవ్వు ఎటు పోవాలో తెలియక అలాగే ఉండిపోయింది. చిన్నమ్మాయి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "కాసేపు పడుకో అక్కా" అంది.

"ఇప్పుడు కాదు, తొందరగా కట్టు కట్టించు" అంది ఆమె. "మళ్ళీ స్టార్ట్ అవదేమోనని కింద ఇంజన్ ఆపకుండా వచ్చాను. పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాలి."