అంతయ్య పట్టించిన ఇప్ప

మనవరాలు పుట్టిన వారానికి అంతయ్య ధైర్యం చేసి ఆ పిల్ల చెంప మీద చెయ్యి వేశాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"బాపూ, జర చెయ్యి తియ్యి. ఉప్పుకాయితం లెక్కున్నయి నీ చేతులు. పోరి చెంప గీసుకపోయింది," అంది కూతురు జ్యోతిరాణి.

ఆమె కోపంతో అనలేదు. పురుటి మంచం మీద ఉన్న మనిషి, నిద్రలేని మనిషి, ఉన్నమాట అంది. అంతయ్య చెయ్యి తీసి వీపు వెనక పెట్టుకుని, అలాగే నడిచి బయటికి వచ్చి, కంపెనీ క్వార్టరు మెట్టు మీద కూర్చుని తన చేతులు తాను చూసుకున్నాడు. ఆ చేతులతో ఆయన బొగ్గు బాయిలో పైకప్పు కూలకుండా దిమ్మలు నిలబెట్టాడు. రిటైరయ్యేదాకా అదే పని. పని చేసినంతకాలం చేతులు ఎలా ఉన్నాయని ఎవరూ అడగలేదు, ఆయనా చూడలేదు. ఇప్పుడు చూస్తే, చలికి తెల్లగా పొట్టు లేచి, వేళ్ల సందున పగిలి, తన చేతులే తనకు నచ్చలేదు.

పిల్లను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ దగ్గర పడుతోంది. వీళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. తొట్టెల తెచ్చేది అమ్మగారిల్లు కాబట్టి, పిల్లను మొదటిసారి అందులో వేసేది అమ్మ తరఫు తాత. అందరి ముందు పిల్ల మళ్లీ గుక్కపడితే? తొట్టెల నాటికి చేతులు మెత్తబడాలి. అంతే.

చేతులకు ఏదైనా రాసుకుంటే మెత్తబడతాయి. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అంతయ్య నోరు అంత మంచిది కాదు. కరీంనగర్‌లో గ్రానైటు కంపెనీ ఆఫీసులో పనిచేసే అల్లుడు ప్రేమ్‌సాగర్ పొద్దున్నే ట్యూబు పిండి మొహానికి కిరీము రాసుకుంటాడు. అది చూసిన నాటి నుంచి అంతయ్య క్వార్టర్ల లైన్లో కనబడ్డవాడికల్లా, "మా అల్లుడు మొకానికి ఎన్న రాసుకుంటడు. పిల్లులు ఎంటవడ్తయని నాకు ఫికరు," అని చెప్పాడు. చెప్పి నవ్వాడు. కొందరికి రెండుసార్లు చెప్పాడు. అటువంటి మనిషి ఇప్పుడు దుకాణానికి పోయి కిరీము అడిగితే, ఆయన ఇల్లు చేరేలోపే ఆ వార్త చేరుతుంది.

అందుకని జంగుకు ఫోన్ చేశాడు. జంగు ఒకప్పుడు ఇదే బాయిలో ఆయనతో పనిచేసినవాడు, గోండు మనిషి. ఇప్పుడు జైనూరు దగ్గర తన ఊళ్లో ఎవుసం చేసుకుంటున్నాడు.

"గింతదానికి పరేషానెందుకు దాదా," అన్నాడు జంగు. "మా తాన ఇప్పగింజల నూనె ఉంటది గద. చలికి నెయ్యి లెక్క గడ్డకడ్తది. మా కోడలు దాంట్ల తేనెమైనం కరిగిచ్చి కలుపుతది. మా పసిపోరగాండ్లకు సుత గదే రాస్తం. ఓ డబ్బా పంపిస్త. మొకం చేతులు కడుక్కున్నంక తడి ఆరకముందే పట్టియ్యాలె. పొద్దుగాల, మాపటీలి."

డబ్బా బస్సులో వచ్చింది. మూత గట్టిగా బిగించిన స్టీలు డబ్బా. లోపల పసుపుపచ్చని ముద్ద, వెన్న కాదు గానీ వెన్నకు దగ్గరి చుట్టం. అంతయ్య దాన్ని ఇంటి వెనక రేకుల షెడ్డులో, పాత బాయి టోపీ కింద పెట్టాడు. ఏదన్నా దాచాలంటే ఆయనకు తెలిసిన జాగా అదొక్కటే. తాగే రోజుల్లో సీసా అక్కడే ఉండేది.

తాగుడు మానేశాడు. కూతురి పెళ్లికి ముందు కొమురెల్లి మల్లన్న బండారు పసుపు చేతిలో పట్టుకుని ఒట్టు పెట్టాడు, నిలబడ్డాడు. భార్య సత్తవ్వ ఆ ఒట్టును పుస్తెలకంటే భద్రంగా చూసుకుంటోంది.

అటువంటి సత్తవ్వ, మొగుడు పొద్దునొకసారి మాపునొకసారి షెడ్డులోకి పోవడం చూసింది. బయటికొచ్చేటప్పుడు చేతులు రుద్దుకుంటూ, తనలో తాను నవ్వుకుంటూ రావడం చూసింది. పక్క నుంచి పోతే ఇప్ప వాసన తగిలింది. ఇప్పగింజ నూనె వాసన వేరు, ఇప్పసారా వాసన వేరు. అడవిలో పుట్టినవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. బొగ్గు బాయి లైన్లో ఇప్ప అంటే ఒక్కటే అర్థం. అయినా సత్తవ్వ తొందరపడే మనిషి కాదు. చూద్దామనుకుంది.

బాయి పేలుళ్లకు అంతయ్య చెవులు మందగించాయి. ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడుతుంది. ఒక పొద్దున వంటింట్లో సత్తవ్వ బియ్యం ఏరుతుంటే, ముందు గదిలోంచి జంగు గొంతు వినిపించింది.

"ఏం దాదా, పట్టిస్తున్నవా?"

"పట్టిస్తున్న జంగూ. రెండు పూటల పట్టిస్తున్న."

"ఎట్లుంది?"

"ముందుగాల జర మండింది. ఇప్పుడు మెత్తగ దిగుతుంది. పానం హాయిగుంది."

"ఉండదా మరి? అసల్ ఇప్ప, మా కోడలు చేతి సరుకు. ఇంకో డబ్బా పంపన్నా?"

"పంపు. ఇంట్ల ఎవ్వలికి తెల్వద్దు."

సత్తవ్వ చేట కింద పెట్టింది. వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇప్ప పట్టిచ్చినవా?"

అంతయ్య మొహం మాడిపోయింది. కిరీము సంగతి బయటపడిందనుకున్నాడు. బుకాయించడం ఆయనకు రాదు.

"పట్టిచ్చిన," అన్నాడు తల వంచుకుని.

"ఎప్పటి సంది?"

"పోరి ఏడ్చిన్నాటి సంది."

"సిగ్గనిపియ్యలేదా?"

"అనిపిచ్చింది. గందుకే నీకు చెప్పలే."

"మానవా?"

"తొట్టెల దాక పట్టిస్త. తర్వాత జూద్దాం."

సత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. తాత అయ్యాక కూడా ఈ మనిషి ఒట్టు తీసి గట్టు మీద పెట్టాడని కూతురికి చెప్పి ఏడ్చింది. మగవాడు కిరీము రాసుకుంటే ఆడదానికి ఇంత ఏడుపు వస్తుందా అని అంతయ్య ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపోతూనే షెడ్డులోకి పోయి ఆ పూటది పట్టించి వచ్చాడు.

తొట్టెల రోజు క్వార్టరు ముందు షామియానా వేశారు. చుట్టాలు వచ్చారు, లైనంతా వచ్చింది. అంతయ్య తెల్లబట్టలు కట్టుకుని, చేతులు రెండుసార్లు కడుక్కుని, తడి ఆరకముందే దిట్టంగా పట్టించి, పూలు కట్టిన తొట్టెల పక్కన నిలబడ్డాడు. పొట్టు లేదు, పగుళ్లు లేవు. తన చేతులు తనకే కొత్తగా ఉన్నాయి. ఒకదాన్నొకటి తాకి చూసుకుంటున్నాడు.

జ్యోతిరాణి పిల్లను ఎత్తుకుని వచ్చింది. అంతయ్య చేతులు చాచాడు. ఆమె తండ్రి మొహం చూడకుండా ఆయన్ని దాటిపోయి, ప్రేమ్‌సాగర్ తండ్రి రాంచందర్ ముందు ఆగింది.

"మామా, పోరిని తొట్టెల్ల మీరే వెయ్యిండ్రి."

రాంచందర్ తెల్లబోయి, పిల్లను అందుకున్నాడు. అంతయ్య చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. సత్తవ్వ దగ్గరికొచ్చి చిన్నగా అంది.

"చేతులు దించు. తాగినోని చేతికి పసిపోరినెట్లిస్తరు?"

"ఎవడు తాగిండు?"

"నువ్వే చెప్పినవు గద, ఇప్ప పట్టిచ్చిన అని."

అప్పుడు తెలిసింది అంతయ్యకు. ఒక్కొక్క మాట వెనక్కి తిరిగి గుర్తొచ్చింది. సిగ్గనిపించింది అన్నమాట కూడా గుర్తొచ్చింది.

ఆయన షామియానా కింద ఉన్నవాళ్లను చూశాడు. నోరు మూసుకుంటే తాగుబోతు. ఆ లైన్లో తాగుబోతు ఇంటికొకడున్నాడు, ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోరు. నోరు విప్పితే మాత్రం కిరీము రాసుకున్నవాడు. అలాంటివాడు ఆ లైన్లో ఆయనొక్కడే అవుతాడు. అల్లుడు అక్కడే ఉన్నాడు. వెన్న, పిల్లి కథ విననివాడు ఆ గుంపులో ఒక్కడూ లేడు. అటు రాంచందర్ పిల్లతో తొట్టెల వైపు వంగుతున్నాడు.

"ఆగుండ్రి!" అన్నాడు అంతయ్య. బాయిలో కప్పు కూలేటప్పుడు అరిచే గొంతు అది. బ్యాండువాళ్లు కూడా ఆగారు. "నేను తాగలే. రాసుకున్న."

"ఏం రాసుకున్నవు?" అంది సత్తవ్వ.

"కిరీము."

ఎవరూ నవ్వలేదు. ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అంతయ్య షెడ్డులోకి పోయి, టోపీ కింది డబ్బా తెచ్చి, మూత తీసి, అందరికీ కనబడేలా పట్టుకున్నాడు.

"ఇప్పగింజల నూనె. పోరి ఏడ్చిందని రాసుకున్న. ఇగ నవ్వుండ్రి."

నవ్వారు. బాగా నవ్వారు. ఎవడో వెనకనుంచి మ్యావ్ అన్నాడు. ప్రేమ్‌సాగర్ ఒక్కడే నవ్వలేదు. వచ్చి డబ్బాలో వేలు ముంచి, మణికట్టు మీద రాసి, వాసన చూసి, ఆ విద్య తెలిసినవాడి లాగా తల ఊపాడు.

"మంచిగుంది మామా. మా కిరీముకంటె మంచిగ ఇంకుతుంది."

సత్తవ్వ ఇంకా నమ్మలేదు. మొగుడి రెండు చేతులు పట్టుకుని తిప్పి చూసింది. ఒక అరచేతిని తన చెంపకు ఆనించుకుంది. అంతమందిలో అలా చేస్తుందని ఆమె కూడా అనుకుని ఉండదు. కాసేపు తియ్యలేదు.

"ఇయ్యుండ్రి పోరిని," అంది రాంచందర్‌తో.

పిల్ల అంతయ్య చేతుల్లోకి వచ్చింది. ఆయన బొటనవేలితో చెంప మీద నెమ్మదిగా రాశాడు. పిల్ల ఒకసారి కళ్లు తెరిచి, చూడదగ్గదేమీ లేదనుకుందో ఏమో, మళ్లీ మూసుకుంది. ఏడవలేదు. ఏడుపు అంతయ్యకు వచ్చింది. దాన్ని ఆయన దాచుకోలేదు. ఆ రోజుకు దాచుకునేది ఇంకేమీ మిగల్లేదు.

సాయంత్రం చుట్టాలు పోయాక సత్తవ్వ మెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. మడిమల్లో పగుళ్లు బియ్యపు గింజ ఇరుక్కునేంత లోతున్నాయి. అంతయ్య ఆ కాళ్లను రోజూ చూస్తూనే ఉన్నాడు, చేతులను చూసుకున్నట్టే.

"పోరి ఒక్కపారి ఏడిస్తే జైనూరు దాక కబురు వెట్టినవు," అంది సత్తవ్వ, ఎవరికో చెబుతున్నట్టు. "నీ ఇంటికొచ్చిన్నాటి సంది ప్రతి చలికాలం నా మడిమలు పలుగుతున్నయి. నేను ఏడ్వకపోతి. ఏడిస్తే తెచ్చెటోనివేమో."

తప్పు ఎంతదో అంతయ్యకు తెలిసింది. లోపలికి పోయి చెంబుతో వేడినీళ్లు, డబ్బా తెచ్చాడు. కింది మెట్టు మీద కూర్చుని, ఆమె కాలు తన ఒళ్లో పెట్టుకుని కడిగాడు. తడి ఆరకముందే వేళ్ల నిండా ముద్ద తీశాడు.

రోడ్డు మీద పోతున్న, అదే లైన్లో ఉండే హనుమండ్లు గేటు దగ్గర ఆగాడు. అతనితో ఇంకో ఇద్దరున్నారు.

"ఏం సంగతి అంతయ్యా, ఏం నడుస్తుంది?"

అంతయ్య తలెత్తలేదు. చేతులు ఆపలేదు.

"ఇప్ప పట్టిస్తున్న," అన్నాడు, లైనంతా వినబడేలా.