జోడుగెడ్డ చక్రవర్తి

చరిత్రలోని చక్రవర్తులలో అనేకులకు బిరుదే తప్ప చక్రం ఉండేది కాదు. నాకు బిరుదు లేదు గాని, నేను సాక్షాత్తు చక్రాన్ని. నా అంచు చుట్టూ ఇరవై ఉక్కు దొప్పలున్నాయి. కొండమీది జలాశయం నుంచి గొట్టంలో దిగే నీటిధార వాటిని కొడితే తిరుగుతాను. నా ఇరుసుకు బిగించిన జనరేటరు కరెంటు పుట్టిస్తుంది. బొగ్గు అడగను, పొగ వదలను.

సముద్రాలకు ఆవల పోతపోయించుకుని, ఓడలోను, రైలులోను, చివరకు ఘాట్‌రోడ్డుపై నత్తను అనుకరించిన ఒక లారీలోను ప్రయాణించి, జోడుగెడ్డ విద్యుత్కేంద్రంలో పట్టాభిషేకం పొందాను. నా సామ్రాజ్య స్థాపనకు కొన్ని రాగిచేలు నీట మునిగాయి. వాటిలో ఒకటి పాంగి సుక్రుది. పరిహారంగా అతనికి నన్ను నడిపే ఉద్యోగమిచ్చారు. నేను పుట్టించిన కరెంటు అతని గూడెం మీదుగానే పట్నానికి పోయేది; ఆ గూడెంలో దిగడానికి దానికి ఇరవై ఏడేళ్లు పట్టింది. మనుషులు దీన్ని అభివృద్ధి అంటారు.

సుక్రు తరువాత అతని కొడుకు, ఆపై మనుమరాలు జమున నా ఆపరేటర్లయ్యారు. పగలంతా నీటిని ఆదాచేసి, ఊళ్లన్నీ ఒక్కసారిగా దీపాలు వేసే సాయంవేళకు నన్ను తిప్పుతారు. నేను ఆగి ఉన్న గంటలకు ఎదురుగా లాగ్‌బుక్కులో "పడుకుంది" అని రాయడం ఆ వంశాచారం.

ఆ మాటే నా పాలిట పిడుగైంది. తనిఖీకి వచ్చిన విశ్వపతిగారు మిట్టమధ్యాహ్నం జీపు దిగి పుస్తకం తిరగేశారు. ప్రతి పగలూ "పడుకుంది". ఆయన శిష్టభాషాభిమాని, ఆ మోటు పదాన్ని సంస్కరించి, తన నివేదికలో "మూలపడినది" అని రాశారు. పక్క కొండమీద సౌరఫలకాలు వెలసిన కాలంలో మూలపడినదానితో పనేమిటని, పైవారు కేంద్రాన్ని మూసి నన్ను ముక్కలు చేయమన్నారు. జమున మూడు అర్జీలు పెట్టింది. మూలపడినవి ఆ అర్జీలే.

గ్యాస్‌కట్టర్లతో విశ్వపతిగారు వచ్చిన రోజునే తుఫానూ వచ్చింది. ఉదయం పదింటికి, మైదానం నుంచి లైను తెచ్చే టవర్లు కూలాయి. సౌరఫలకాలు మబ్బు కింద చేష్టలుడిగాయి. వాటిని నిందించను, వేసవిలో గెడ్డలో నీళ్లెండితే నా ప్రతాపమూ అంతే. ఇంతలో మా లైను మీదున్న కొండ ఆసుపత్రి నుంచి ఫోను. ఆక్సిజన్ యంత్రం మీద ఇద్దరు పసివాళ్లున్నారనీ, బ్యాటరీ గంటకు మించి రాదనీ, డీజిలు తెచ్చే దారి కొట్టుకుపోయిందనీ చెప్పారు.

"సార్, మీ కాయితంలో ఇది మూలపడింది. మా పుస్తకంలో పడుకుంది," అంది జమున. "పడుకున్నది లేపితే లెగుస్తాది. లేపమంటారేటి?"

విశ్వపతిగారు ఉత్తర్వు మొదటినుంచి చివరిదాకా చదివారు. అందులో కోయడమే ఉంది, లేపడం లేదు.

"నా పేరు రాయకు," అన్నారు మెల్లగా. "లేపమ్మా."

"రాత్తాను సార్. మంచిపనికే గదేటి."

మహాకేంద్రాలు కదలాలంటే బయటి కరెంటు కావాలి. నాకు నీరు చాలు. జమున చేత్తో కవాటం తిప్పింది. ఎనిమిది నిమిషాలకు ఆసుపత్రిలో దీపం వెలిగింది. మూడు రోజులు ఆగకుండా తిరిగాను. నాలుగోనాడు ఎండ వచ్చి సౌరఫలకాలు పగటిపని అందుకున్నాయి. లాగ్‌బుక్కులో పేరు చూసి విశ్వపతిగారికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

కేంద్రం మూసివేత రద్దయింది. ఇంతటి అమూల్యమైన కేంద్రానికి అంత పాత చక్రమా అని, నన్ను ఊడదీసి స్టెయిన్‌లెస్ స్టీలు చక్రాన్ని బిగించారు. నన్ను గేటు ముందర సిమెంటు దిమ్మెపై నిలిపి, వెండిరంగు పూసి, సందర్శకుల వినోదార్థం ఒక మోటారు తగిలించారు. కరెంటు పుట్టించిన నేను ఇప్పుడు కరెంటు తిని తిరుగుతున్నాను. ఉన్నతపదవులలో ఇది వింత కాదట. సాయంత్రం ఊళ్లు దీపాలు వేసే వేళకు జమున బయటికి వస్తుంది. ఫొటోలు దిగేవారిని పక్కకు జరగమని, ఊళ్ల వంతు కరెంటు నేను తినకుండా అన్నిటికంటే ముందు నా స్విచ్చి ఆపుతుంది. మూడు తరాల సేవలో ఇంతకంటే సరైన నిర్ణయం నేను చూడలేదు.