నరంలోకి తిండి

నెత్తురు అందక చిన్నపోలయ్య పేగులు చచ్చుబడిపోయాయి. గూడూరులోని ఒక చిన్న ఆసుపత్రిలో డాక్టరు నరేంద్రబాబు వాటిని చాలావరకు కోసి తీసేశాడు. మనిషి బతికి బయటపడ్డాడు గాని, ఇక నోటితో తిన్నది ఒంటికి పట్టే దారి లేదు. మెడ దగ్గర నరంలోకి సన్నని గొట్టం వేసి, దాని గుండా తిండి పంపడం మొదలుపెట్టారు.

వాకాడు వైపు సముద్రం ఒడ్డు పల్లె అతనిది. వేట నుంచి వస్తే గిన్నెడన్నం చాలేది కాదు. భార్య విజయకుమారి ఊరూరా తిరిగి చేపలు అమ్మేది. ఇప్పుడామె మంచం పక్కన కూర్చుని, పైనుంచి వేలాడే సీసాలోని తెల్లటి మందు చుక్కచుక్కగా దిగడం చూస్తోంది.

"ఇదేంది సిస్టరమ్మా, పాలా?" అని నర్సు ఎలిశబెతును అడిగింది.

"కాదక్కా. సోయా నూనె, నీళ్ళు. రెండూ కలవవు గదా, గుడ్డు పచ్చసొనలోంచి తీసిన లెసిథిన్ వేసి కలుపుతారు. నూనె సన్న చుక్కలై, మళ్ళీ ఒకచోటికి చేరకుండా అది అడ్డం ఉంటది. చాక్లెట్లలో, బిస్కెట్లలో గూడా వేస్తారు. వాటిల్లో ఎక్కువగా సోయాలోంచి తీసింది."

"అయితే గుడ్డు తింటన్నట్టే" అంది విజయకుమారి భర్తతో.

"రుచే తెలవడంలా" అన్నాడతను, కాస్త నవ్వి.

ఆసుపత్రిలో ఆ మందు అయిపోయింది. నెల్లూరులో ఒక షాపులో రెండు సీసాలున్నాయని తెలిసి విజయకుమారి బస్సెక్కింది. నడి వేసవి. సీసాలు చేతికిస్తూ షాపతను, "వేడి తగలనీయొద్దమ్మా" అన్నాడు. చేపలు చెడకుండా చూసుకోవడం ఆమెకు కొత్త కాదు. థర్మోకోల్ పెట్టె కొని, అడుగున ఐసు పరిచి, సీసాలు పెట్టి, పైన మళ్ళీ ఐసు పోసి, చల్లదనం ఇంకా పెరగాలని ఉప్పు చల్లింది. దారంతా ఆ పెట్టెను ఒళ్ళోనే పెట్టుకుంది.

ఆసుపత్రికి చేరాక ఎలిశబెతు పెట్టె మూత తీసి సీసాను పైకెత్తింది. మందు గడ్డకట్టి ఉంది. కరిగాక చూస్తే పైన పసుపు నూనె తేలింది, అడుగున పలచటి నీళ్ళు మిగిలాయి.

"ఊపితే కలస్తది గదా తల్లీ?"

"కలిసినట్టే కనపడతదక్కా. గడ్డకట్టేసరికి లెసిథిన్ పట్టు విడిచిపోయింది. ఈ నూనె నరంలోకి పోతే ఊపిరితిత్తుల్లో అడ్డం పడతది."

"చెడిపోకూడదనే గదా ఐసు పెట్టినా."

ఎలిశబెతు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "మేమన్నా చెప్పుండాల్సింది, గడ్డకట్టనీయొద్దని" అంది.

చెన్నై నుంచి వేరే సీసాలు తెప్పిస్తామన్నారు. అందాకా ఒట్టి గ్లూకోజే ఎక్కించారు.

"ఈ పొద్దు తెల్లది పెట్టలేదేందిమే?" అని చిన్నపోలయ్య అడిగాడు.

"రేపు పెడతారంట. గమ్మునుండు మావా" అంది.

మర్నాడు అతనికి చలితో జ్వరం వచ్చింది. మందు ఎక్కించే గొట్టానికే క్రిములు పట్టాయన్నారు. చెన్నై సీసాలు వచ్చేసరికి గొట్టం తీసేయాల్సి వచ్చింది. రక్తపోటు పడిపోతూ ఉంది. మళ్ళీ గొట్టం వేస్తే తట్టుకునే స్థితి లేదు.

నరేంద్రబాబు ఆమెను బయటికి పిలిచి, "ఆ రెండు సీసాలు బాగున్నా ఇంతేనమ్మా. జ్వరం వాటివల్ల వచ్చింది కాదు. నీ తప్పేం లేదు" అన్నాడు.

ఆమె తలూపింది గాని నమ్మలేదు. తర్వాత ఎవరు చెప్పినా నమ్మలేదు.

లోపలికి వచ్చేసరికి చిన్నపోలయ్య పెదవులు తడుపుకుంటున్నాడు. "కాసిని నీళ్ళు పొయ్యిమే" అన్నాడు.

ఇన్నాళ్ళూ నోటికేమీ ఇవ్వొద్దన్నారు. ఆమె ఎలిశబెతు వైపు చూసింది. ఎలిశబెతు వద్దనలేదు, తనే గ్లాసు తెచ్చి ఇచ్చింది. విజయకుమారి చెంచాతో పోసింది. అతను చాలాసేపటికి మింగాడు. ఇంకో చెంచా కావాలన్నట్టు నోరు తెరిచాడు. ఈసారి నీళ్ళు పెదవుల పక్కనుంచి దిండు మీదికి కారిపోయాయి. ఆమె తుడిచి మళ్ళీ చెంచా నింపింది.

ఎలిశబెతు అతని మణికట్టు పట్టుకుని నాడి కోసం వెతికింది. తర్వాత విజయకుమారి చేతిలోంచి గ్లాసు తీసుకుంది.