చిప్‌లో ఉన్నదీ, కాగితం మీద ఉన్నదీ

కాటాల షాపు ఆయన చేతిలో మొదట్లో ఉన్నవి మూడు: బజారుకు అమ్మిన నాలుగు వందల ఎలక్ట్రానిక్ కాటాలు, వాటికి ప్రోగ్రాం రాసిచ్చిన బావమరిది, ఇద్దరూ సంతకం చేసిన ఒప్పందం. అందులో రెండే షరతులు. అడిగినప్పుడు ప్రోగ్రాం షాపుకి ఇచ్చెయ్యాలి. షాపు దాన్ని బయటివాళ్ల చేతిలో పెట్టకూడదు.

ఎండలు ముదిరేసరికి కాటాలు పావుకిలో ఎక్కువ చూపించసాగాయి. దొంగతూకమని జనం చేత తిట్లు తిన్న కూరగాయలవాళ్లు వాటిని తెచ్చి కౌంటరు మీద పడేశారు.

"మా కొంప ముంచడానికి అమ్మావా ఇవి?"

ఇరవై ఏళ్లుగా ఆయన తూకాన్ని వేలెత్తి చూపినవాడు లేడు. బావమరిదికి ఫోను చేశాడు.

"నాకు ఖాళీ లేదు బావా. కొత్త కంపెనీ పెట్టానుగా."

"అయితే సోర్స్ కోడ్ ఇచ్చెయ్, నువ్వు రాసిన ఆ అసలు రాత. ఒప్పందంలో ఉంది."

"అందులో ఉన్నది ప్రోగ్రాం. అది చిప్‌లో ఉంది, నీ దగ్గరే ఉంది. సోర్స్ కోడ్ ప్రోగ్రాం కాదు, ఉత్త రాత. మిషన్‌కి అది అర్థం కూడా కాదు."

"ఆ ముక్క రాసి పంపు."

తడుముకోకుండా పంపాడు.

ఆయనకి ఒళ్లు మండిపోయింది. తూనికల ఆఫీసులో అనుమతికి ఇచ్చిన కోడ్ అచ్చు నకలు షాపు ఫైల్లో ఉంది, నూట పది పేజీలు. పక్క వీధిలో మీటర్లు బాగుచేసే ఇంజనీరమ్మకి ఇచ్చాడు. వేడిని సరిచూసే లెక్కలో తప్పును ఆవిడ నాలుగు రోజుల్లో పట్టేసింది. కానీ దాన్ని దిద్ది చిప్‌లోకి ఎక్కించాలంటే కాగితం చాలదు, కంప్యూటర్లో ఉన్న అసలు కోడ్ కావాలంది.

సంగతి తెలిసి బావమరిది ఊగిపోతూ వచ్చాడు.

"నా ప్రోగ్రాం బయట పెడతావా? కోర్టుకి లాగుతా!"

"ప్రోగ్రామా? ఉత్త రాతన్నావు కదరా!"

"రాతయినా అది ప్రోగ్రామే!"

"ఇవ్వమంటే కాదు, కోర్టుకి లాగాలంటే అవునా? కొనడానికో రాయి, అమ్మడానికో రాయి పెట్టినవాణ్ణి ఈ బజారు ఉమ్మేస్తుందిరా. తేల్చు. కాదంటే నేను తప్పు చెయ్యలేదు. అవునంటే తప్పు నాదే, ఒప్పుకుంటా. కానీ అసలు కోడంతా ఇవాళే నా బల్ల మీద ఉండాలి."

లోపలి గదిలోంచి ఆయన భార్య కేకేసింది. "ఏదో ఒకటి చెప్పరా తమ్ముడూ. రెండు పడవల మీద ఎంతసేపు నిలబడతావు?"

బావమరిది లెక్క వేసుకున్నాడు. కాదని రాసిస్తే రేపు తన కంపెనీ కోడ్‌ని ఎవడు ఎత్తుకుపోయినా నోరెత్తలేడు. పళ్లు కొరుకుతూ అవునని రాశాడు. సాయంత్రానికి కోడ్ ఇచ్చాడు, ఆ గుమ్మం తొక్కడం మానేశాడు.

షాపాయన కూడా షరతు తప్పానని సంతకం పెట్టాడు. ఇంజనీరమ్మ చూపిన తప్పును షాపులోనే దిద్ది కాటాలన్నిటికీ ఎక్కించారు. బావమరిది మీద ఆయన కోపం ఇంకా దిగలేదు. లెక్క చూస్తే నాలుగు వందల కాటాలు నిజం చెబుతున్నాయి, అందుకు పోయింది ఒక బావమరిది. ధర ఎక్కువని ఆయనకి అనిపించలేదు.