ముప్పదిరెండు బిట్లు

భాద్రపదమాసారంభమున నొకనాటి ప్రాతఃకాలమునందు తూర్పుకనుమల శిఖరశ్రేణులను ధూమ్రవర్ణజలధరములు కంబళ్లవలె కప్పియుండగా మన్యమునుండి దిగివచ్చు వాగుల యెఱ్ఱనీరు వంతెనల క్రింద సుడులు తిరుగుచుండగా కురిసి కురిసి యలసిన వాన తాటియాకుల కొనలనుండి మాత్రమే యొక్కొక్క బొట్టుగా జాఱుచుండగా సాలూరినుండి విశాఖపట్టణమునకు బోవు మొదటి బస్సు కిటికీచెంత నాలుగున్నర యేండ్ల బాలుడొకడు తల్లి యొడిలో కూర్చుండి తడిసిన గాజుపలకపై వ్రేలితో గీతలు గీయుచుండెను.

ఆ బాలుని పేరు విహారి. తల్లి పేరు నూకరత్నము. వారి ముందుసీటున గూర్చుండి మాటిమాటికి వెనుదిరిగి కుమారుని పెదవుల కదలికనే పరిశీలించుచున్న యిస్త్రీచొక్కా మనుష్యుడు తండ్రియైన కూర్మారావు.

కూర్మారావు లారీ క్లీనరు కొడుకు. వంశమునందు మొట్టమొదటి పట్టభద్రుడు. లారీల బాడీలు కట్టు సుత్తుల మ్రోతతో దినమెల్ల దద్దరిల్లుచుండు సాలూరి బజారున నొక రేకులగదిలో గురుకులపాఠశాలల ప్రవేశపరీక్షకు పిల్లలను సిద్ధపఱచుట యాతని జీవనవృత్తి. ఒక్క మాటలో జవాబు చెప్పదగిన చిన్న ప్రశ్నకు ఆ గదిలో బిట్టని పేరు. గడచిన పరీక్షలలో నడిగిన బిట్లను సేకరించి వరుసపఱచి నిద్రలో లేపి యడిగినను తడబడకుండ వచ్చువఱకు వల్లెవేయించి సరియైన ప్రతి జవాబునకు ఎఱ్ఱసిరాతో రైటుమార్కు పెట్టుట యాతని పద్ధతి. పండ్రెండేండ్లుగా ఆ పద్ధతి యాతనిని మోసగింపలేదు.

రెండు సంవత్సరములకు పూర్వము పిలిచినను పలుకక ఒక్క మాటయైన నేర్వక బొమ్మబండి చక్రమును పగలెల్ల త్రిప్పుచు గూర్చుండు విహారిని పట్టణమునందలి శిశువికాసకేంద్రమునకు గొనిపోగా అచ్చటివారు పరిశీలించి ఆటిజమని కాగితముపై వ్రాసి యిచ్చిరి. కూర్మారావు ఆ కాగితమును ఎనిమిది మడతలు పెట్టి పెట్టె యడుగున దాచి బంధుమిత్రులకు పిల్లవానికి చెవినొప్పి యని చెప్పెను. ఒకనాడు టీకొట్టు చాటున నెవరో "సదువుకున్నోడి ఇంట్లో గుంటడికి మాటలు రాలేదట్రా" యని నవ్వుట విన్నది మొదలు ఆ కాగితమునందలి మాట కుమారునిపై గాక తన పట్టాపై వ్రాయబడినట్లు తోచి యాతడు లోలోపల కుమిలిపోవుచుండెను.

నూకరత్నమునకు కుమిలిపోవుటకు తీరిక లేకపోయెను. వారమునకొక్కమాఱు తొలిబస్సున బయలుదేఱి ఆ కేంద్రమువారు నేర్పిన యాటలను తాను నేర్చుకొని వచ్చి వంటయింటి నేలపై బిడ్డకెదురుగ గూర్చుండి బంతిని దొర్లించి తిరిగి వచ్చువఱకు వేచి మరల దొర్లించుచు రెండు వర్షములు రెండు వేసవులు గడపెను. "ఇయ్యి" అను మొదటి మాట యాఱు నెలలకు వచ్చెను. అమ్మా యను పిలుపు మరి మూడు నెలలకు వచ్చెను. ఆపై మాటలు పెరిగెను. గత గ్రీష్మమునందు కేంద్రమునందలి మనస్తత్త్వశాస్త్రజ్ఞురాలు హైమవతి సంతోషించి "చాలా మార్పు వచ్చిందమ్మా. వానలు మొదలయ్యాక మళ్లీ మొదటినుంచీ చూద్దాం, రీవాల్యుయేషన్. ఆ పేరు వీడికి ఇంకా సరిపోతుందో లేదో అప్పుడు తెలుస్తుంది" అని పలికెను.

ఆ యొక్క పదమే యనర్థమునకు మూలమయ్యెను. రీవాల్యుయేషనన కూర్మారావు ఎఱిగిన యర్థమొక్కటే. ఇంటర్మీడియట్టు తప్పినవారు దరఖాస్తు పెట్టుకొనుట, పేపరు మరల దిద్దబడుట, తప్పినవాడు ప్యాసగుట. తన కుమారుడు తప్పినాడు, ప్యాసు కావలెను. అంత నాతడు రెండు మాఱులు ఒంటరిగా పట్టణమునకు బోయి కేంద్రము గుమ్మమువద్ద నిలిచి పరీక్ష ముగించుకొని వచ్చు తల్లిదండ్రులకు టీ యిప్పించి "లోపల ఏమేం అడిగారండీ?" యని వినయముగ నడిగి విన్నదెల్ల వ్రాసికొని ముప్పదిరెండు బిట్లుగ కూర్చెను. స్కూటరుపై షికారని భార్యకు చెప్పి మూడు వారముల సాయంకాలములు కుమారుని రేకులగదికి గొనిపోయి వానిచే వల్లెవేయించెను. జవాబు సరియైనపుడెల్ల చిన్నయరచేత ఎఱ్ఱసిరాతో నొక రైటుమార్కు. ఇంటికి రాకముందు సబ్బుతో కడుగుట.

ఇక బస్సు దిగి వచ్చిన యా దినమున కేంద్రమునందలి పరీక్షాగృహములో తల్లిదండ్రులను గోడవార కుర్చీలలో గూర్చుండబెట్టి మాటలాడవలదని చెప్పి హైమవతి చాపపై బాలుని కెదురుగ గూర్చుండెను.

"నీ పేరేంటి కన్నా?"

"విహారి" యని బాలుడు స్పష్టముగ పలికి కుడి యరచేతిని చాచెను. కూర్మారావు రొమ్ము పొంగెను.

ఆమె యాటవస్తువేదో కోరుచున్నాడనుకొని ఆ చేత చిన్నకారొకటి పెట్టగా వాడు దానిని ప్రక్కన బెట్టి మరల చేయి చాచెను. "పొద్దున్న ఏం తిన్నావు?" అని యామె యడిగెను.

"మా నాన్న పేరు కూర్మారావు" అని పలికి వాడు చేయి చాచెను.

హైమవతి బొమ్మలపెట్టె మూతను మూయుచు వ్రేలు నలిగినట్లు నటించి "అమ్మో! నా వేలు!" అని బిగ్గఱగ నఱచెను. బాలుని కనుబొమలు ముడివడెను. వాడు చాపపైనుండి సగము లేచి యామెవంక నొక యడుగు వేసెను. అంతలో నేమి జ్ఞప్తికి వచ్చెనో తండ్రివంక చూచెను. తండ్రి పెదవులు తనకు తెలియకయే మూడవ బిట్టు నుచ్చరించుచుండెను. బాలుడు మరల కూర్చుండి "మా ఊరు సాలూరు" అని పలికి యరచేతిని చాచెను.

ఆమె యీమాఱు ఆ చేతిని తన చేత బుచ్చుకొని కిటికీ వెలుతురునకు త్రిప్పి చూచెను. సబ్బునకు పూర్తిగ లొంగని యెఱ్ఱని గీతలు లేతచర్మమునందు పలుచగ కనబడుచుండెను.

"ఇవేంటమ్మా?"

"పెన్నుల్తో ఆడుతున్నాడని ఈయనే సెప్పారండి" అని నూకరత్నము భర్తవంక చూచెను.

దాచుట తెలిసినంతగ దొరికిపోవుట తెలియని కూర్మారావు లేచి నిలిచి గురువు ముందఱ శిష్యునివలె చేతులు కట్టుకొని "ముప్పై రెండు బిట్లండి. అన్నీ వచ్చండి వాడికి. మీరు వరసలో అడగండి మేడమ్, ఒక్కటి కూడా తప్పడు" అనెను.

హైమవతి కోపింపలేదు. కోపించియుండిన నాతనికి సుళువుగ నుండెడిది. "మేష్టారూ, నేను మార్కులు వెయ్యట్లేదండీ. వీడు రెండేళ్లలో సొంతంగా ఎంత దూరం వచ్చాడో చూడాలనుకున్నాను. వాడు నేర్చుకున్నదేదో మీరు పోసిందేదో నాకిప్పుడు తెలియట్లేదు. నా వేలు నలిగిందంటే లేచాడు చూశారా? అది ఎవరూ నేర్పింది కాదు. మిమ్మల్ని చూసి కూర్చున్నాడు. ఇవాళ నేనేమీ రాయలేను. ఆరు నెలలయ్యాక రండి" అని కలమును మూసి "మీరు అడక్కుండా వాడు మీకు ఎప్పుడైనా ఏదైనా చూపించాడా?" అని యడిగెను.

ఆ ప్రశ్న ముప్పదిరెండింటిలో లేదు. కాని జవాబు కూర్మారావునకు తెలియును. వల్లెవేయు రెండవ వారమున నొక సాయంకాలము విహారి యాతని గడ్డమును చిన్నచేత బట్టి గోడవైపు త్రిప్పి యచ్చట రెక్కలు రాల్చుచున్న ఉసిళ్లను చూపి "నాన్నా, సూడు" అనెను. ఆతడా చేతిని తొలగించి కుమారుని ముఖమును పుస్తకమువైపు త్రిప్పి "అటు కాదు, ఇటు. పదకొండోది చెప్పు" అని గద్దించెను. రెండేండ్లు నేలపై గూర్చుండి యొక తల్లి దేనికొఱకు వేచెనో అది తనచెంతకు తానై రాగా పాఠమునకు విఘ్నమని త్రోసివైచితినని యాతని కిప్పుడు బోధపడెను. ఇస్త్రీచొక్కా వీపునకంటుకొనెను.

వరండాలో నూకరత్నము నిలిచి కంఠము హెచ్చింపకయే పలికెను. "మీ సిగ్గు తీర్సుకోడానికి పసోడికి పరీచ్చ ఎట్టీసినారు. మీ కోచింగు సెంటర్ బోర్డు మీద ఈడి ఫొటో కూడా ఎయ్యించండి, ఫస్టు రేంకని."

"రత్నం..."

"నాను రెండేళ్లు నేలమీద కూకున్నాను. మీరు ఒక్కరోజు కూకున్నారా? సెప్పండి. ఇది కూడా బిట్టే. ఒక్క మాట సాలు."

కూర్మారావు చెప్పులు తొడుగుకొని మెట్లు దిగెను.

వారు వీథిలోనికి వచ్చునప్పటికి వాన వెలిసి యెండ కాయుచుండెను. ఎదుట చెఱకురసపు బండి చక్రము చిఱుగజ్జెల సవ్వడితో తిరుగుచుండగా విహారి తల్లిచేయి విడిచి యచ్చటికి బోయి నిలిచెను. కూర్మారావు వెంట బోయెను. అదేమిటి, దాని రంగేమిటి, ఎన్ని గజ్జెలు అను ప్రశ్నలు వరుసగ నాలుకపైకి వచ్చెను. ఆతడు వాటిని దిగమ్రింగి బురదలో చొక్కాయంచు తడియుచుండగా కుమారుని ప్రక్కన గొంతుకూర్చుండెను.

"గ్లాసు కొట్టమంటారా బాబూ?" అని బండివాడడిగెను.

"కొంచెం ఆగు. మావోడు చూస్తున్నాడు."

"సూడ్డానికేటుంది బాబూ, సెక్రమే కదా!"

"ఏముందో నాకూ తెలీదు" అని కూర్మారావు పలికెను. ఆ మాట యాతడు తన జీవితమునందు నలుగురెదుట పలికిన మొదటి తడవ యదియే.

చాలసేపటికి విహారి చక్రమునుండి దృష్టి మరల్చి తండ్రివంక చూచెను. చేయి చాపలేదు. ఏ బిట్టును పలుకలేదు. నిర్మలజలమువలె నిశ్చలములైన యా రెండు కన్నులు అడుగుటయు లేక చెప్పుటయు లేక ఊరక తండ్రి కన్నులలోనికి చూచుచుండెను. ఎదుటివారి కన్నులలోనికి చూడకుండుట మొదటి లక్షణమని రెండేండ్ల క్రిందట వైద్యులు చెప్పియుండిరి. ఆ దినమున నా బండిచెంత ముందుగ చూపు దించుకొన్నవాడు బాలుడు కాడు.